చిన్న అర ముందు, పెద్ద అర చివర

ఆఫీసులో ఆమెను అందరూ గుమ్మం అక్క అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఆమె కుర్చీ గుమ్మం పక్కన ఉంటుంది కాబోలనుకుని అటు వెతుకుతారు. నిజానికి ఆ కుర్చీ మూడో అంతస్తులో, గుమ్మానికి బహుదూరంగా, వెనక కిటికీ దగ్గర ఉంది. అక్కడి నుంచి చూస్తే సైకిల్ స్టాండూ, దాని పక్క గోడమీద ఎండకు పడుకునే బూడిదరంగు పిల్లీ తప్ప ఇంకేమీ కనిపించవు. ఆమె కాపలా కాసే గుమ్మం కంటికి కనిపించేది కాదు.

ఊళ్లోని పదకొండు గ్రంథాలయాలకూ కలిపి ఒకటే వెబ్‌సైటు. దాన్ని నడిపేది ఈ ఆఫీసు. ఎవరో ఇంట్లో కూర్చుని ఫోన్లో పుస్తకం పేరు కొట్టి వెతుకుతారు. ఇంకెవరో చదువుకునే గదిలో సీటు అడుగుతారు. మరొకరు కార్డు గడువు పెంచమంటారు. ఇలా అడగడాన్ని ఆఫీసు వాళ్లు రిక్వెస్టు అంటారు. ప్రతి రిక్వెస్టూ ముందు గుమ్మం అక్క చూసుకునే గేట్‌వే దగ్గరికి వస్తుంది. గేట్‌వే దాని చిరునామా చదివి తగిన సర్వీసుకు అప్పగిస్తుంది. పుస్తకాలు వెతికే సర్వీసును పైథాన్‌లో రాశారు. కార్డులది జావా. సీట్లది గో. ఒక్కొక్కదాన్నీ ఒక్కో జట్టు ఒక్కో కాలంలో రాసింది. ఒకదాని భాష మరొకదానికి తెలియదు. అన్నీ ఎక్కడో దూరాన, ఎవరివో అద్దె యంత్రాల మీద, క్లౌడ్ అనే చోట నడుస్తుంటాయి. బయటి నుంచి వచ్చేవాళ్లకు మాత్రం అదంతా ఒకటే ఇల్లు, ఒకటే గుమ్మం.

ఈ ఉద్యోగం ఏమిటో ఇంట్లో మొట్టమొదట అర్థం చేసుకున్న మనిషి అత్తగారు. ఆవిడ ముప్పై రెండేళ్లు తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడదీసి రిటైరయింది.

"ఇంతోటి దానికి కంప్యూటరెందుకే? నేను చేసిన పనేగా," అంది కోడలు చెప్పిందంతా విని. "చిరునామా చూడ్డం, అరలో పడెయ్యడం. లోపలి ఉత్తరం ఏ భాషలో ఉంటే మనకేం? మనమేమన్నా చదవబోయామా?"

"అంతే అత్తయ్యా. జావా అయినా పైథానయినా నాకు కవరే."

"అయితే ఒక్కటి గుర్తుపెట్టుకో. చిన్న అర ముందు చూడాలి, పెద్ద అర చివర. జిల్లా అర ముందు పెట్టుకున్నావనుకో, పక్కవీధికి పోవాల్సిన ఉత్తరం కూడా జిల్లాలోదేగా అని అందులో పడి ఊరుకుంటుంది. ఇక అది చేరేది వచ్చే జన్మకే."

గేట్‌వే నియమాల తీరూ అచ్చంగా అదే. పై నుంచి కిందికి వరసగా చదువుకుంటూ పోయి, చిరునామాకు సరిపోయిన మొదటి నియమం దగ్గర ఆగిపోతుంది. కింద ఇంతకన్నా బాగా సరిపోయేది ఉందేమో అని చూడదు. అత్తగారి మాటను గుమ్మం అక్క తొమ్మిదేళ్లు తలదాల్చింది. తొమ్మిదేళ్లలో ఒక్క రిక్వెస్టు కూడా పరాయి ఇంటికి పోలేదు. ఈ శుక్రవారం మీటింగులో ఆమెకు ఒక ప్రశంసాపత్రం ఇస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పిందే తడవుగా, పుస్తకాలు బైండింగు చేసే భర్త దాన్ని తగిలించడానికి హాల్లో మేకు కొట్టేశాడు. మేకు వంకరగా ఉందని అత్తగారు మళ్లీ పీకించి సరిగ్గా కొట్టించింది.

జావా, పైథాన్, గో కాక నాలుగోది ఒకటుంది. అందరికంటే ముసలిది. పెర్ల్ అనే భాషలో రాసింది. ఇప్పుడు ఆఫీసులో ఆ భాష చదవగలిగినవాళ్లే లేరు. రాసినాయన్ని పాతకాపు అనేవాళ్లు. ఆయన నాలుగేళ్ల కిందట రిటైరైపోయాడు. కోపిష్టి, కానీ మర్యాద తెలిసిన మనిషి. తన సర్వీసు ఇచ్చే ప్రతి జవాబులోనూ, మామూలుగా ఎవరికీ కనపడని చోట, ఇంగ్లీషు అక్షరాల్లో "దయచేయండి" అని ఒక మాట పెట్టాడు. "యంత్రమైతే మాత్రం, ఇంటికొచ్చినవాళ్లని పలకరించొద్దా?" అనేవాడు.

గుమ్మం అక్కకు ఒక అలవాటుంది. రోజూ పొద్దున్నే, కాఫీ తాగకముందే, బయటి మనిషిలాగా ఒక్కో సర్వీసు తలుపూ తడుతుంది. జవాబు రాగానే నీలిరంగు నోటుపుస్తకంలో టిక్కు పెడుతుంది. ఆ పని చేయడానికి యంత్రాలున్నాయి కదా అని కుర్రవాళ్లు నవ్వుతారు. వాళ్లు చెప్పేదీ నిజమే. కానీ ఆ యంత్రాలు గేట్‌వే దాకా రావు. తిన్నగా సర్వీసు దగ్గరికే వెళ్లి, బతికే ఉందా అని చూసి వచ్చేస్తాయి. వీధిలోంచి నడిచొచ్చి చూసేది ఆమె ఒక్కతే.

పెర్ల్ సర్వీసును ఆపెయ్యాలన్నది టీం లీడరు పట్టుదల. అతను ఆమెకన్నా ఆరేళ్లు చిన్న. అతన్ని చాటున పచ్చదీపం అంటారు. గోడమీది పెద్ద తెరలో అన్ని దీపాలూ పచ్చగా ఉంటేనే అతనికి అన్నం సహిస్తుంది. జవాబులు నెమ్మదిగా ఇచ్చే పెర్ల్ దీపం మాత్రం ఎప్పుడూ పసుపు రంగులో ఉండేది. దానికి రోజుకు నలభై యాభైకి మించి రిక్వెస్టులు వచ్చేవి కావు. అవి కూడా అన్నీ ఒకే చోటి నుంచి, ఇంచుమించు అవే వేళలకు. అది మనుషుల తీరు కాదని, వెబ్‌సైట్లన్నీ తిరిగే ఏదో రోబో అని పచ్చదీపం తేల్చాడు. ఒక వారం గమనించి, లెక్క సున్నాకు పడిపోతే శుక్రవారం నాలుగింటికి సర్వీసు ఆపేసి డిస్కు తుడిచేయాలని నిర్ణయం. ఎవరూ వాడటం లేదని సంతకం పెట్టాల్సింది గుమ్మం అక్క.

సోమవారం ఆమె గేట్‌వే నియమాలను శుభ్రం చేసింది. పేరుకుపోయిన పన్నెండు నియమాలను నాలుగు చేసింది. ఇల్లు సర్దుకున్నంత హాయిగా అనిపించింది. ఆ మధ్యాహ్నానికి పెర్ల్ లెక్క సున్నా అయింది. మంగళవారం సున్నా. బుధ, గురువారాలూ సున్నాయే.

శుక్రవారం పొద్దున తలుపులు తట్టడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పాతకాపు గుర్తొచ్చాడు. సాయంత్రానికి ఆయన సర్వీసు ఉండదు. పోయేలోగా ఆ పలకరింపును ఒకసారి కాపీ చేసి ఆయనకు పంపితే సంతోషిస్తాడు కదా అనుకుంది. మూడు రోజులుగా ఆమె జవాబు పైన ఉండే రెండువందలు అనే అంకె ఒక్కటే చూసి టిక్కు పెడుతోంది. యంత్రాల భాషలో రెండువందలంటే అంతా సవ్యమని. ఈ రోజు జవాబంతా విప్పి చూసింది.

అందులో దయచేయండి లేదు.

ఇంకోసారి తట్టింది. రెండువందలు. చక్కటి, మర్యాదైన, ఖాళీ జవాబు. పిలిస్తే అలవాటైన గొంతు కాకుండా వేరే ఎవరో పలికినట్టుంది. గుమ్మం అక్క సోమవారం తాను రాసిన నాలుగు నియమాలనూ వేలితో తెరమీద గీస్తూ చదివింది. మొదటిది: 'బుక్స్' అని మొదలయ్యే చిరునామాలన్నీ పైథాన్‌కు. మూడోది: 'బుక్స్' తర్వాత 'వాయిస్' అని ఉన్నవి పెర్ల్‌కు.

పెద్ద అర ముందు పెట్టింది. చిన్న అర దాని వెనక ఉండిపోయింది. మూడో నియమం దాకా వచ్చే రిక్వెస్టు ఇక ఈ లోకంలో లేదు.

పెర్ల్ లెక్క సున్నా కావడానికి రోబో విసుగెత్తి పోవడం కారణం కాదు. పాత తలుపుకు ఆమే అడ్డంగా బీరువా పెట్టింది. వచ్చినవాళ్లంతా పైథాన్ ఇంటికి పోయి, వాళ్లడిగింది అక్కడ దొరకక, "ఏమీ లేవు" అనే మర్యాదైన జవాబుతో వెనుదిరిగారు. తప్పని చెప్పే ఎర్రదీపం ఎక్కడా వెలగలేదు. ఎందుకు వెలుగుతుంది? అంతా సవ్యమేనాయె.

ఇంతకీ ఎవరు వాళ్లు? ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి పాతకాపుకు ఫోన్ చేసింది.

"ఏమ్మా గుమ్మం, ఇంకా నిలబడే ఉన్నావా?"

"నిలబడే ఉన్నా మాస్టారూ. మీ సర్వీసు వాయిస్ దారిలో వచ్చేవన్నీ ఒకే చోటి నుంచి వస్తాయి కదా, అదేంటి? రోబోనా?"

అవతల పెద్ద నవ్వు. "రోబో అని ఎవడన్నాడు? ఆ పచ్చదీపమేనా? టెలిఫోనమ్మా అది! చూపు లేనివాళ్లు, పుస్తకం పట్టుకోలేనివాళ్లు గ్రంథాలయం నంబరుకు ఫోన్ చేస్తారు. యంత్రం వాళ్లకు పుస్తకం చదివి వినిపిస్తుంది. ఎందరు చేసినా మన దగ్గరికి వచ్చేది ఆ ఒక్క యంత్రం నుంచే. అందుకే ఒకే చోటనిపిస్తుంది."

"ఇదెక్కడా రాసి లేదే?"

"రాశాను. పెర్ల్‌లో రాశాను. మీకెవరికీ చదవడం రాకపోతే నేనేం చేసేది?" అని, గొంతు తగ్గించాడు. "ఎవరు ఏ పుస్తకంలో ఎక్కడ ఆపారో కూడా దాని డిస్కులోనే ఉంటుంది. పుస్తకంలో పెట్టుకున్న ఆనవాలు కాగితాల్లాంటివవి. జాగ్రత్త సుమా."

ఆయన చెప్పిన నంబరుకు ఆమె ఫోన్ చేసింది. రెండు రింగుల తర్వాత ఒక ఆడగొంతు తీయగా చెప్పింది: "ఈ రోజు వినడానికి పుస్తకాలేవీ లేవు. నమస్కారం."

కుర్చీలోకి వచ్చి, వచ్చిన రిక్వెస్టులన్నీ నమోదయ్యే పైథాన్ సర్వీసు చిట్టాలు తీసింది. వినేవాళ్లు మొత్తం పద్నాలుగు మంది. ఒక్కొక్కరికి ఒక నంబరు. సోమవారం మధ్యాహ్నం తర్వాత పద్నాలుగు మందీ ఫోన్ చేశారు. మంగళవారం తొమ్మిది మంది. బుధవారం ఐదుగురు. గురువారం ఇద్దరు. ఆ ఇద్దరిలో ఆరో నంబరు మనిషి నాలుగు రోజులూ సరిగ్గా నాలుగూ ఇరవైకి చేశారు. నాలుగు రోజులూ పుస్తకాలు లేవనే విన్నారు.

వెంటనే సరిదిద్దుదామంటే శుక్రవారం గేట్‌వే ముట్టుకోకూడదు. అది ఆమె పెట్టిన నియమమే. వారాంతంలో ఏదన్నా చెడితే దిక్కుండదని, టీం లీడరు తాళం తీస్తే తప్ప ఒక్క అక్షరం మారకుండా ఆమే కట్టుదిట్టం చేసింది. పచ్చదీపం పెద్ద గ్రంథాలయంలో ఉన్నాడు. రెండున్నర మీటింగుకు గానీ రాడు. ఫోన్ ఎత్తడం లేదు.

భోజనాల వేళ డబ్బా తెరిచి మళ్లీ మూసేసింది. ఇంటికి ఫోన్ చేసి అత్తగారికి సంగతంతా చెప్పింది. చివర్లో, "ఇంకో వారం చూద్దామని మాత్రం అంటానత్తయ్యా. సోమవారం మెల్లగా సరిచేసుకోవచ్చు. ఎవరు చేశారన్నది ఇప్పుడెందుకు?" అంది.

వెనక కుక్కర్ ఈల వేసింది.

"ఒకసారి నేను ఒక సంచి మొత్తం తప్పు బండెక్కించానే," అంది అత్తగారు. "చెప్తే పరువు పోతుందని ఒక పూట నోరు మూసుకున్నా. ఆ పూటే బండి ఇంకో నాలుగు ఊళ్లు దాటింది. ఏ సంచి ఎటు పోయిందో వేసినదానికి తప్ప ఎవరికి తెలుస్తుంది? మేకుదేముంది, క్యాలెండర్ తగిలించుకుందాం."

మీటింగు గదిలో తెరమీద పెర్ల్ లెక్క చూపే నేలబారు గీత ఒకటి నిలిచి ఉంది. పచ్చదీపం పక్కన పెద్దమేడం కూర్చుంది. గ్రంథాలయాలన్నిటి బాధ్యత ఆవిడది. బల్లమీద అద్దం బిగించిన ప్రశంసాపత్రం పటం బోర్లా పెట్టి ఉంది.

"రండక్కా, మీ కోసమే చూస్తున్నాం," అన్నాడు పచ్చదీపం. "మేడం, ఇదిగో చూడండి. సోమవారం నుంచి సున్నా. రోబోకి కూడా విసుగొచ్చినట్టుంది."

"సర్, ఇంకో వారం చూస్తే బాగుంటుందేమో."

"ఎందుకక్కా? సున్నా కంటే కిందికి దిగుతుందేమో చూడ్డానికా?"

పెద్దమేడం నవ్వింది. గుమ్మం అక్క కూడా నవ్వబోయి ఆగింది. గోడమీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

"ఆ సున్నా నేను చేసింది సర్," అంది. "సోమవారం నియమాల వరస తప్పు రాశాను. పెద్దది పైన పెట్టి చిన్నదాన్ని మూసేశాను. అది రోబో కూడా కాదు. మనుషులే."

ఆమె ఫోను బల్లమీద పెట్టి స్పీకరు నొక్కి ఆ నంబరు కలిపింది. ఈ రోజు వినడానికి పుస్తకాలేవీ లేవు, నమస్కారం, అంది తీయటి గొంతు. ఆమె తన నోటుపుస్తకం తెరిచి అంకెలు చదివింది: పద్నాలుగు, తొమ్మిది, ఐదు, రెండు.

"తొమ్మిదేళ్లలో ఒక్క తప్పూ చెయ్యనిది, ఇప్పుడే చెయ్యాలా అక్కా?" అన్నాడు పచ్చదీపం. అతని ముఖంలో కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. అడిగేవాళ్లే లేక తెరమీద పెర్ల్ దీపం నాలుగు రోజులుగా పచ్చగా వెలుగుతోంది మరి. "మళ్లీ పసుపేనా అయితే?"

"వచ్చే నెల కార్డుల సర్వీసులో పాత భాగాన్ని కూడా ఇలాగే సున్నా చూసి ఆపుదామన్నారు కదా సర్. నేనిప్పుడు చెప్పకపోతే ఆ సున్నా కూడా ఇలాంటిదేనేమోనని ఎవరూ అనుమానించరు."

పెద్దమేడం అంతసేపూ నోటుపుస్తకం వంకే చూస్తోంది. "నేను కౌంటర్లో పనిచేసిన రోజుల్లో ఒకాయన వచ్చేవాడు," అంది. "పుస్తకం లేదంటే కుర్చీలో కూర్చుని, ఇంకోసారి చూడమ్మా అనేవాడు. చూస్తే నిజంగానే దొరికేది." ఆవిడ పచ్చదీపం వైపు తిరిగింది. "తాళం తియ్యండి. ఈ వేళ ఏదీ ఆపొద్దు. ఆ టెలిఫోను పనంతా పైథాన్ వాళ్లు కొత్తగా రాసి, ఆనవాళ్లన్నీ పట్టుకుపోయాకే పాతదాని మాట." తర్వాత పటం చేతిలోకి తీసుకుని చూసింది. "దీనిమీద ఒక్క తప్పూ లేకుండా అని అచ్చేశారమ్మా. ఇది ఇవ్వలేను."

"తెలుసు మేడం."

గేట్‌వే నియమాలను ఈసారి ఇద్దరూ కలిసి చదివారు. పచ్చదీపం పైకి చదివాడు, ఆమె వింటూ తలూపింది. చిన్న నియమం పైకెక్కింది. పెద్దది దాని కిందికి దిగింది. మూడూ పదికి మార్పు బయటికి వెళ్లింది. తలుపు తట్టింది. రెండువందలు. దాని కింద, ఇంగ్లీషు అక్షరాల్లో, దయచేయండి.

"ఇదేంటక్కా?" అన్నాడు పచ్చదీపం వంగి చూస్తూ.

"పాతకాపు గారి పలకరింపు సర్. ఇది కనబడకే దొరికిపోయాను."

ఆమె తట్టింది లెక్కలోకి రాదు కాబట్టి, లెక్క మాత్రం సున్నా దగ్గరే ఉంది. మూడున్నర అయింది. సున్నా. నాలుగయింది. డిస్కు తుడవాల్సిన వేళ ఏమీ జరగకుండా దాటిపోయింది. నాలుగు రోజులు లేవు పొమ్మన్న ఇంటికి ఐదో రోజు ఎవరు వస్తారు? గ్రంథాలయం కౌంటరు వాళ్లు పద్నాలుగు మందికీ ఫోన్ చేసి క్షమాపణ చెబుతామన్నారు, కానీ సోమవారం గానీ ఆ జాబితా దొరకదట. గుమ్మం అక్క మూడు జట్లకూ ఉత్తరం రాసింది. ఏం జరిగిందో, ఎవరు చేశారో, ఎలా కనిపెట్టాలో మూడు పేరాల్లో చెప్పింది. ఆ పైన నీలిరంగు నోటుపుస్తకం తీసి, పెర్ల్ వరసలో మంగళవారం నుంచి గురువారం దాకా ఉన్న మూడు టిక్కులనూ అడ్డంగా కొట్టేసింది.

నాలుగూ ఇరవై అయింది. ఏమీ రాలేదు.

నాలుగూ ఇరవై రెండు. పచ్చదీపం టీ కప్పుతో వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. టీ ఆమె కోసం తెచ్చాడో తన కోసమో తేల్చుకోలేక కిటికీ గట్టుమీద పెట్టాడు. బయట పిల్లి ఎండతోబాటు గోడ చివరికి జరిగింది.

"ఇక చెయ్యరేమో అక్కా."

"చూద్దాం సర్."

నాలుగూ ఇరవై ఆరుకు సున్నా ఒకటయింది. ఆమె చిట్టా తెరిచింది. ఆరో నంబరు. ఆదివారం పదహారో అధ్యాయం పూర్తిచేసి ఆపిన మనిషి, ఇప్పుడు పదిహేడో అధ్యాయం మొదటి పేజీ అడుగుతున్నారు. జవాబు వెళ్లింది. కాసేపటికి రెండో పేజీ అడిగారు. ఆ తర్వాత మూడోది. ఇద్దరూ ఆ పేజీల లెక్క చూస్తూ ఉండిపోయారు.

"పసుపే," అన్నాడు పచ్చదీపం గోడమీది తెరవైపు తలతిప్పి.

"పసుపే సర్," అంది గుమ్మం అక్క. టీ తీసుకుని తాగింది. చల్లారిపోయి ఉంది.

ఇంటికి చేరేసరికి అత్తగారు హాల్లో కూర్చుని ఉంది. మేకుకు అప్పటికే క్యాలెండర్ వేలాడుతోంది. అది కిందటేడాదిది. ఇంట్లో అంతకన్నా మంచిది దొరకలేదట.

"తిట్టారా?"

"పెద్దగా ఏం లేదు. పటం మాత్రం ఇవ్వలేదు."

"సంచి దొరికిందా మరి?"

"దొరికింది. ఒకరు మళ్లీ మొదలుపెట్టారు. ఇంకా పదమూడు మంది రావాలి."

"వస్తార్లే," అని అత్తగారు కళ్లజోడు తుడుచుకుంది. ఈ మధ్య ఆవిడకు చిన్న అక్షరాలు కనిపించడం లేదు. "ఆ నంబరేదో నాకూ రాసివ్వు. పెద్ద పెద్ద అంకెలు వెయ్యి."